గడువు పొడిగిస్తారు, నష్టం మాత్రం ఇవ్వరు: ప్రభుత్వ భవనాల పనుల్లో క్లెయిములు ఎక్కడ ఆగిపోతున్నాయి?

పునాది_రాయి:
అందరికీ నమస్కారం. చిన్న కాంట్రాక్టరుని. ఎక్కువగా పాఠశాలలు, వసతిగృహాలు కడుతుంటాను. శాఖ పేరూ ఊరి పేరూ చెప్పను, ఫైనల్ బిల్లు ఇంకా వాళ్ల దగ్గరే ఉంది.

మూడంతస్తుల వసతిగృహం పని. ఏడాదిలో పూర్తి చేయాలని అగ్రిమెంటు. స్థలం అప్పగించామని కాగితం ఇచ్చిన రోజున అక్కడ పాత పెంకుటి భవనం నిలబడే ఉంది. దాన్ని కూల్చడానికి అనుమతులు, వేలం అయ్యేసరికి వానలు పట్టుకున్నాయి. తర్వాత గుంటలు తీస్తే నల్లరేగడి అంచనాలో చూపిన దానికన్నా లోతుకు ఉంది. పునాది డిజైను మార్చాలన్నారు. మారిన డ్రాయింగు చేతికొచ్చేలోపు అద్దెకు తెచ్చిన సెంట్రింగు సామాను ఎండకు ఎండింది, వానకు తడిసింది. కాపలాదారుకు జీతం ఇస్తూనే ఉన్నాను. ఇనుము ధర ఈలోపు ఎటు పోయిందో మీకు తెలుసు.

గడువు అడిగిన ప్రతిసారీ జరిమానా లేకుండా పొడిగించారు. అంటే ఆలస్యం నాది కాదని వాళ్లే రాసిచ్చినట్టు కదా? పని పూర్తయింది, పిల్లలు అందులో ఉంటున్నారు. ఆగిన కాలానికి అద్దెలు, జీతాలు, ధరల తేడా కలిపి క్లెయిము పెడితే "నిబంధన 59 ప్రకారం పరిశీలించుటకు వీలులేదు" అని ఒక్క వాక్యం జవాబు. పైగా ఫైనల్ బిల్లు కావాలంటే "ఇక ఏ క్లెయిములూ లేవు" అని రాసివ్వమంటున్నారు. రాసివ్వాలా, వద్దా?

విశ్రాంత_ఎస్‌ఈ:
ఎస్‌ఈగా, అంటే సూపరింటెండింగ్ ఇంజినీరుగా రిటైరయ్యాను. ఆ ఒక్క వాక్యం నా చేత్తో నేనూ చాలాసార్లు రాశాను కాబట్టి దాని వెనక కథ చెప్పగలను.

నిబంధన 59 ఈనాటిది కాదు. పాత మద్రాసు ప్రామాణిక నిర్దేశాల నుంచి ఆంధ్రప్రదేశ్‌కు, అక్కడి నుంచి తెలంగాణకు వచ్చింది. ఏ కారణం వల్ల ఆలస్యం జరిగినా పరిహారం అడగడానికి వీల్లేదు, సమంజసమైన గడువు మాత్రం పొడిగిస్తాం అన్నది దాని సారం. కాబట్టి గడువు పొడిగించారంటే మీ తప్పు లేదని ఒప్పుకున్నట్టే, నిజం. డబ్బు ఇస్తామని ఒప్పుకున్నట్టు కాదు.

ఇక అధికారి కోణం. మీ క్లెయిములో సగం న్యాయమేనని ఈఈకి (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకి) తెలుసు. ఆ సగం ఇవ్వమని ఫైలు రాస్తే ఆడిట్ పేరా (లెక్కల తనిఖీలో అభ్యంతరం) వస్తుంది, పెన్షన్ దగ్గరపడే వేళకు విజిలెన్స్ మెమో వస్తుంది. తిరస్కరిస్తే ఏమీ రాదు. పదేళ్ల తర్వాత కోర్టు డిక్రీ ఇస్తే, అసలుకు రెట్టింపు వడ్డీ అయినా సరే, అప్పుడున్న అధికారి నిశ్చింతగా సంతకం పెడతాడు. ఎందుకంటే అది కోర్టు చెప్పింది, తాను చెప్పింది కాదు. నా ఉద్యోగకాలంలో కాదన్నందుకు శిక్ష పడిన ఇంజినీరును చూడలేదు. అవునన్నందుకు తిప్పలు పడ్డవాళ్లను చూశాను.

పన్ను_కట్టేవాడు:
ఇద్దరూ కలిసి కన్నీళ్లు పెట్టుకుంటున్నారు బాగానే ఉంది. మరో వైపు కూడా చూడండి. పాతిక శాతం లెస్‌కు (అంచనా కన్నా తక్కువకు) టెండరు వేసి పని పట్టేదెవరు? ఆ లెస్ ఎక్కడ పూడ్చుకుంటారు? నాసిరకం పనిలోనో, ఇదిగో ఇలాంటి క్లెయిముల్లోనో. వరంగల్‌లో పాత జైలు స్థలంలో కడుతున్న 24 అంతస్తుల ఆస్పత్రి చూడండి. 1,100 కోట్ల రూపాయల పని 1,700 కోట్లు దాటిందని 2024లో ముఖ్యమంత్రే ఫోరెన్సిక్ ఆడిట్ చేయమన్నారు. అధికారులు భయపడకుండా చకచకా సంతకాలు పెడితే ఏమవుతుందో ఊహించుకుంటేనే నాకు భయం. నిబంధన 59 చదివే కదా టెండరు వేశారు?

నల్లకోటు:
చదివే వేస్తారు, పన్ను_కట్టేవాడు గారూ. చదివి నచ్చకపోతే వేయకుండా ఉండటం తప్ప వాళ్లకు మరో దారి లేదు. అగ్రిమెంటు ముసాయిదాలో ఒక్క కామా మార్చమన్నా టెండరు పెట్టె దాటదు.

పునాది_రాయి గారి ప్రశ్నకు వస్తాను. ముందు మూడు విషయాలను విడదీయాలి, మన కాంట్రాక్టర్లు వీటిని ఒకే కాగితంలో కుక్కి మొత్తం పాడు చేసుకుంటారు. చేసిన పనికి ఎం-బుక్కులో (కొలతల పుస్తకంలో) కొలతలు ఎక్కి, బిల్లు పాసై, ఖజానాలో డబ్బు లేక ఆగింది ఒకటి. అది వివాదమే కాదు, బాకీ. దానికి హైకోర్టులో రిట్ వేస్తున్నారు, ఉత్తర్వులు వస్తున్నాయి. ఉపాధి హామీ పనుల పాత బకాయిల మీద 2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 12 శాతం వడ్డీతో చెల్లించమంది. రెండోది అదనపు పని. డిజైను మారి పునాది లోతు పెరిగింది కదా, ఆ తవ్వకం, ఆ కాంక్రీటు జరిగిన పని. దాన్ని 59తో ముడిపెట్టడానికి వీల్లేదు, రేటు మీద మాత్రమే తగువు. మూడోది ఆలస్యం వల్ల నష్టం. 59 అడ్డొచ్చేది దీనికి మాత్రమే.

మీకు వచ్చిన ఒక్క వాక్యం జవాబు మూడింటినీ ఒకే గాటన కట్టేసింది. మీరు పెట్టిన క్లెయిమే అలా ఉందేమో చూసుకోండి.

ఇక "క్లెయిములు లేవు" అన్న కాగితం. ఆర్.ఎల్. కలాథియా కేసులో (2011) సుప్రీంకోర్టు గుజరాత్ ప్రభుత్వంతో చెప్పింది ఇదే: అలాంటి కాగితం ఇచ్చినంత మాత్రాన న్యాయమైన క్లెయిము చచ్చిపోదు. అంతకుముందు అంబికా కన్‌స్ట్రక్షన్ కేసులోనూ (2006) అదే. కానీ ఒత్తిడి వల్ల ఇచ్చామని తర్వాత రుజువు చేసుకోవాల్సిన భారం మీదే. ఇవ్వక తప్పకపోతే, ఇచ్చిన రోజే విడిగా ఒక లేఖ రాయండి: బిల్లు ఆపుతామన్నందువల్ల ఇస్తున్నాను, ఫలానా తేదీ క్లెయిము వదులుకోవడం లేదు అని. ఇన్‌వర్డు ముద్ర (లేఖ అందినట్టు కార్యాలయం వేసేది) వేయించుకోండి. ఏడాది తర్వాత గుర్తొచ్చి రాసిన లేఖకు విలువ ఉండదు.

పునాది_రాయి:
ఆర్బిట్రేషన్‌కు, అంటే కోర్టు బయట తీర్పరి దగ్గరకు, వెళ్లవచ్చా? నా అగ్రిమెంటులో ఏదో నిబంధన ఉంది.

నల్లకోటు:
ఉంటుంది, చదవండి. 1983 అక్టోబరు నాటి జీవో 430 నుంచి మన దగ్గర ఉన్న పద్ధతి ఏమిటంటే, యాభై వేల రూపాయల వరకు క్లెయిములు శాఖలోని పెద్ద ఇంజినీర్ల ఆర్బిట్రేషన్‌కు, ఆపైన సివిల్ కోర్టుకు. 1983లో యాభై వేలంటే చిన్న మొత్తం కాదు. ఈరోజు ఆ డబ్బుతో నాలుగు తరగతి గదులకు సున్నం వేయించలేం. అంటే మీ దారి కోర్టే. కేంద్ర సంస్థల పనులైతే కథ వేరు.

ఆడిట్_గది:
ఈ చర్చలో ఆడిట్‌ను బూచిగా చూపిస్తున్నారు కాబట్టి నాలుగు మాటలు.

పనుల ఆడిట్‌లో చాలాకాలం ఉన్నాను. క్లెయిము చెల్లించినందుకు మేం పేరా రాయం. ఆధారం లేకుండా చెల్లించినందుకు రాస్తాం. నా బల్ల మీదకు వచ్చిన ఒక క్లెయిములో కాంక్రీటు మిక్సరు ఆరు నెలలు ఖాళీగా ఉందని అద్దె వేశారు. అదే కాంట్రాక్టరు పక్క మండలంలో చేసిన పని ఎం-బుక్కు తెప్పిస్తే అదే నెలల్లో అక్కడ స్లాబు పోశారు. మిక్సరు మీద రాసిన నంబరు సహా రెండు చోట్లా ఒకటే. మరొకరు జీతాలకు సొంత అకౌంటెంటు టైపు చేసిన పట్టిక ఒకటి పెట్టారు, దాని మీద ఒక్క కూలీ వేలిముద్ర లేదు, భవిష్యనిధి చలానా లేదు.

ఢిల్లీ మండీ హౌస్‌లో దూరదర్శన్ భవనం కేసు ఈ రంగంలో ఉన్నవాళ్లందరూ చదవాలి. 1990లో మొదలైన పని. ఏడాదిలోపు కావాల్సింది మూడున్నరేళ్లు ఆలస్యమైంది. ఆర్బిట్రేటరు లాభం నష్టపోయిన పద్దు కింద హడ్సన్ సూత్రం (ఆలస్యమైన కాలానికి పోయిన లాభాన్ని లెక్కగట్టేది) వేసి 1.44 కోట్ల రూపాయలు ఇచ్చారు. హైకోర్టు కొట్టేసి వెనక్కి పంపితే మళ్లీ అదే మొత్తం ఇచ్చారు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చింది: సూత్రం వేస్తే చాలదు, ఆ ఆలస్యం వల్ల మరో పని ఏది చేజారిందో సాక్ష్యం చూపాలి. కాంట్రాక్టరుకు ఆ పద్దు కింద రూపాయి రాలేదు. ముప్ఫై మూడేళ్లు!

పన్ను_కట్టేవాడు:
ఇదే నేను చెప్పింది.

విశ్రాంత_ఎస్‌ఈ:
సగమే చెప్పారు. ముప్ఫై మూడేళ్లు ప్రభుత్వం వకీళ్లకు ఇచ్చిన ఫీజు కూడా మీ పన్నే.

ఆడిట్_గది గారు చెప్పిన మిక్సరు సంగతి నిజమే, అలాంటివి నేనూ పట్టుకున్నాను. అయితే అవి పట్టుకోగలిగేది ఎప్పుడు? పని జరుగుతుండగా. సైట్‌లో మిక్సరు ఉందో లేదో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఆ వారమే చూసి హిండ్రెన్స్ రిజిస్టరులో రాస్తే తగువే లేదు. కేంద్ర ప్రజాపనుల శాఖలో ఆ రిజిస్టరు తప్పనిసరి: అడ్డంకి ఏమిటి, ఏ రోజు మొదలైంది, ఏ రోజు తొలగింది, ఇద్దరి సంతకాలు. మన రాష్ట్ర శాఖల్లో చాలాచోట్ల గడువు పొడిగింపు ప్రతిపాదన పంపే ముందు రోజు రాత్రి కూర్చుని ఆ రిజిస్టరు మొత్తం ఒకే కలంతో, ఒకే చేతిరాతతో నింపుతారు. సిరా రంగు చూస్తేనే తెలిసిపోతుంది. అలా రాసింది కోర్టులో నిలబడదు. అప్పుడు కాంట్రాక్టరు ఎంత రాస్తే అంత, శాఖ దగ్గర ఖండించడానికి కాగితం ఉండదు.

తుళ్లూరు_వాసి:
చిన్న పనుల సంగతి సరే. ప్రభుత్వమే పని ఆపేస్తే? మా కళ్లముందు జరిగింది కదా. అమరావతి సచివాలయ టవర్లకు 2018 చివర్లో రాఫ్ట్ పునాది వేస్తుంటే రాత్రింబవళ్లు కాంక్రీటు లారీలు తిరిగాయి, మేం వెళ్లి చూశాం. 2019లో ప్రభుత్వం మారింది, పని ఆగింది. ఆ పునాదులు ఏళ్ల తరబడి నీళ్లలో మునిగి చెరువుల్లా ఉన్నాయి. ఎమ్మెల్యేల నివాసాల బ్లాకులు దాదాపు పూర్తికావచ్చి పిచ్చిచెట్ల మధ్య నిలబడ్డాయి. 2024లో మళ్లీ ప్రభుత్వం మారాక మద్రాసు, హైదరాబాదు ఐఐటీల నిపుణులు వచ్చి కట్టడాలు పనికొస్తాయో లేదో చూశారు, నీళ్లు తోడారు, పాత కాంట్రాక్టులు మూసేసి కొత్త టెండర్లు పిలిచారు. 2025 మే 2న ప్రధాని వచ్చి మళ్లీ మొదలుపెట్టారు.

ఆగిన కాలానికి ఎవరికి ఎంత లెక్క కట్టారు, ఏ పద్దు కింద కట్టారు అన్నది భవనం వారీగా జనం ముందు పెట్టాలని నా డిమాండు. రాజకీయ నిర్ణయానికీ ఒక ధర ఉంటుంది. భూములిచ్చినవాళ్లం, అడిగే హక్కు మాకు ఉంది.

మోడరేటర్:
పార్టీల మీద చర్చ వేరే విభాగంలో. ఇక్కడ క్లెయిముల సంగతే మాట్లాడండి. రెండు వ్యాఖ్యలు తొలగించాను.

కొలరాడో_తెలుగు:
డెన్వర్ పక్కన అరోరాలో ఉంటాను. తుళ్లూరు_వాసి గారి మాట చూసి మా ఊరి ఆస్పత్రి కథ చెప్పాలనిపించింది.

మాజీ సైనికుల శాఖ ఇక్కడ పెద్ద ఆస్పత్రి కట్టించింది. కీవిట్, టర్నర్ అనే రెండు కంపెనీల ఉమ్మడి సంస్థతో 60.4 కోట్ల డాలర్ల లక్ష్య ధరకు ఒప్పందం. ఆ డబ్బుకు కట్టగలిగే డిజైను ఇస్తామని శాఖ ఒప్పందంలో మాట ఇచ్చింది. ఇచ్చిన డిజైను మాత్రం ఆ ధరకు ఏ రకంగానూ అయ్యేది కాదు. కాంట్రాక్టరు మొత్తుకున్నా, కట్టండి, తర్వాత చూద్దాం అన్నారు. అక్కడ కాంట్రాక్టు వివాదాలకు ప్రత్యేక అప్పీళ్ల బోర్డు ఉంది. 2014 డిసెంబరులో అది, ఒప్పందం ఉల్లంఘించింది ప్రభుత్వమే, పని ఆపే హక్కు కాంట్రాక్టరుకు ఉంది అని తీర్పు చెప్పింది. వెంటనే వాళ్లు పని ఆపేశారు. తర్వాత సైనిక ఇంజినీరింగ్ విభాగం చేతికి అప్పగించి పూర్తి చేశారు. 2018లో తెరిచేసరికి ఖర్చు దాదాపు 170 కోట్ల డాలర్లు. పార్లమెంటు కోపం ఎలా ఉందంటే, పది కోట్ల డాలర్లు దాటిన భవనాలు ఇక ఆ శాఖ సొంతంగా కట్టించడానికి వీల్లేకుండా చేసింది.

కాబట్టి అమెరికాలో అంతా సవ్యం అని చెప్పడం లేదు. కానీ అక్కడి 1978 కాంట్రాక్టు వివాదాల చట్టంలో ఒక పద్ధతి ఉంది, అది గమనించండి. క్లెయిము అందిన 60 రోజుల్లో అధికారి నిర్ణయం రాయాలి, లేదా ఏ తేదీకి రాస్తాడో చెప్పాలి. రాయకపోతే తిరస్కరించినట్టే లెక్క, నేరుగా అప్పీలుకు వెళ్లవచ్చు. వడ్డీ క్లెయిము అందిన రోజు నుంచే నడుస్తుంది. లక్ష డాలర్లు దాటితే ఇది నిజమైన లెక్క అని కాంట్రాక్టరు ధ్రువీకరించి సంతకం పెట్టాలి. మోసమని తేలితే ఆ భాగానికి సమానంగా తానే ప్రభుత్వానికి కట్టాలి.

పన్ను_కట్టేవాడు:
ఈ చివరి వాక్యం నాకు నచ్చింది. ఇది మన దగ్గర పెడితే నా అభ్యంతరాల్లో సగం పోతాయి.

ఆడిట్_గది:
నాకూ నచ్చింది. ఆ మిక్సరు కాంట్రాక్టరుకు మనం చేయగలిగింది క్లెయిము కొట్టేయడం ఒక్కటే. అబద్ధానికి ఖరీదు లేదు కాబట్టే ఒకటికి మూడు వేసి పెడతారు, ఎలాగూ కోస్తారని. అధికారీ అదే అనుకుని మొత్తం కొట్టేస్తాడు.

నల్లకోటు:
మన కేంద్రం కూడా చేతులు కట్టుకుని కూర్చోలేదు, న్యాయంగా చెప్పాలి. 2021 అక్టోబరు ఆర్థికశాఖ సూచనలు చూడండి. రన్నింగ్ బిల్లులో (పని జరుగుతుండగా పెట్టే బిల్లులో) కనీసం 75 శాతం పది పనిదినాల్లో, మిగతాది 28 పనిదినాల్లోపు ఇవ్వాలి. ఆర్బిట్రేషన్ తీర్పును సవాలు చేస్తే, బ్యాంకు గ్యారంటీ తీసుకుని 75 శాతం ముందే కట్టాలి. 2023లో వివాద్ సే విశ్వాస్ రెండో పథకం పెట్టారు: ఆర్బిట్రేషన్ తీర్పు వచ్చినవాటికి ఆ మొత్తంలో 65 శాతం వరకు, కోర్టు తీర్పులకు 85 శాతం వరకు తీసుకుని తగువు ముగించుకునే వీలు అప్పట్లో ఇచ్చారు. 500 కోట్ల లోపు అయితే శాఖ కాదనడానికి వీల్లేకుండా చేశారు. అధికారికి ధైర్యం లేదని గుర్తించి, ధైర్యం అవసరం లేని దారి వేశారన్నమాట.

అంతలోనే 2024 జూన్ 3న మరో ఉత్తర్వు. ఆర్బిట్రేషన్ నిబంధనను అన్ని కాంట్రాక్టుల్లో అలవాటుగా పెట్టవద్దు, పది కోట్ల లోపు వివాదాలకే పరిమితం చేయండి, పెద్దవాటికి మధ్యవర్తిత్వం (ఇద్దరినీ రాజీకి తెచ్చే ప్రయత్నం), అదీ కుదరకపోతే కోర్టు అని. దీన్ని మాత్రం నేను సమర్థించలేను. మధ్యవర్తి ముందు కూర్చుని "సరే, ఇంత ఇస్తాం" అనాల్సింది ఎవరు? మళ్లీ ఆ ఈఈనే.

విశ్రాంత_ఎస్‌ఈ:
ఇక్కడ మీతో ఒప్పుకోను. ఆర్బిట్రేషన్‌ను దగ్గరగా చూశాను. ఒక్కో సిట్టింగుకు ఫీజు, వాయిదాలు, విశ్రాంత న్యాయమూర్తులకు హోటల్ ఖర్చులు, చివరికి తీర్పు వచ్చాక ఆర్బిట్రేషన్ చట్టం 34వ సెక్షన్ కింద కోర్టులో సవాలు, దానిమీద అప్పీలు. ఢిల్లీ విమానాశ్రయ మెట్రో కేసులో తీర్పును సుప్రీంకోర్టు సమర్థించి, రివ్యూ కూడా కొట్టేసి, 2024 ఏప్రిల్‌లో క్యూరేటివ్ పిటిషన్‌లో (రివ్యూ తర్వాత మిగిలే చివరి అవకాశంలో) తానే రద్దు చేసింది. అంత దూరం వెళ్లాక తేలనిది ఆర్బిట్రేషన్ వల్ల త్వరగా తేలుతుందని ఎలా అంటారు? ఉత్తర్వు సరైనదే. అధికారికి రక్షణ మాత్రం చాలదు. రాజీకి సంతకం పెట్టిన ఈఈని రిటైరయ్యాక కూడా విజిలెన్స్ పిలవదని ఎవరు హామీ ఇస్తారు? ఉన్నత స్థాయి కమిటీ వేసుకోవచ్చని ఆ ఉత్తర్వులోనే ఉంది. ఆ కమిటీ పేరు మీద సంతకం ఉండాలి, ఒంటరి ఇంజినీరు పేరు మీద కాదు.

నల్లకోటు:
మెట్రో కేసు ఒక మినహాయింపు. దాన్ని పట్టుకుని మిగతా వేల కేసులకు నియమం చేయకూడదు. కమిటీ సంగతి ఒప్పుకుంటాను.

పునాది_రాయి:
పెద్దలిద్దరూ ఢిల్లీ దాకా వెళ్లారు, నన్ను మా ఊళ్లోనే వదిలేశారు. నా దగ్గర ఉన్నవి ఇవి: పాత భవనం ఇంకా ఉందని రాసిన లేఖలు, అన్నింటి మీదా ఇన్‌వర్డు ముద్ర ఉంది. డ్రాయింగు అందిన తేదీ. సెంట్రింగు అద్దె రసీదులు, కొన్ని మాత్రం చిత్తుకాగితాల మీద. ఇంకొకటి, మధ్యలో నేను పని వదిలేస్తానంటే ఈఈ గారు "పని కొనసాగించండి, ధరల తేడా విషయం పై అధికారుల పరిశీలనకు పంపుతాము" అని రాశారు. అది పనికొస్తుందా?

నల్లకోటు:
ఈ మాట మొదటి పోస్టులోనే చెప్పాల్సింది కదండీ!

నష్టపరిహారం ఇవ్వం అనే నిబంధనను సుప్రీంకోర్టు రామ్‌నాథ్ ఇంటర్నేషనల్ కేసులో (2007) సమర్థించింది. 2025 జనవరిలోనూ అలాంటి నిబంధనను మరోసారి నిలబెట్టింది. ఢిల్లీ హైకోర్టు మాత్రం 2010లో సింప్లెక్స్ కేసులో, తప్పు ప్రభుత్వానిదైనప్పుడు అలాంటి నిబంధన కాంట్రాక్టు చట్టానికే విరుద్ధమంది. అంటే నిబంధన మీద నేరుగా పోరాడితే గెలుపు అనుమానమే. కానీ ఏషియన్ టెక్ కేసులో (2009), కాంట్రాక్టరు పని ఆపబోతే కొనసాగించమని, రేట్లు తర్వాత తేలుస్తామని హామీ ఇచ్చి, పని చేయించుకున్నాక నిబంధన చూపడం కుదరదని అదే సుప్రీంకోర్టు అంది. మీ ఈఈ గారు "ఇస్తాము" అనలేదు, "పరిశీలనకు పంపుతాము" అన్నారు. తెలివైనవాడు. అయినా ఆ లేఖ తర్వాత మీరు పని కొనసాగించారన్నది మీకు బలమే. అసలు లేఖను లాకరులో పెట్టండి, ఎవరికీ ఇవ్వకండి.

విశ్రాంత_ఎస్‌ఈ:
పంపుతామన్నారు కదా, పంపారో లేదో సమాచార హక్కు కింద అడగండి. ఆ ఫైలు మీద ఎస్‌ఈ ఏం రాశాడో, సీఈ (చీఫ్ ఇంజినీరు) ఏం రాశాడో నోట్‌ఫైలు నకలు తీసుకోండి. చాలాసార్లు మీ క్లెయిము న్యాయమేనని కింద ఎవరో ఒకరు రాసే ఉంటారు, పైన "చర్చించండి" అని ఒక్క ముక్క రాసి వదిలేసి ఉంటారు.

పునాది_రాయి:
ఇప్పటికి చాలా కాలమైంది. గడువు దాటిపోయిందా?

నల్లకోటు:
సాధారణంగా మూడేళ్లు. ఏ రోజు నుంచి అన్నది ఒక్కో పద్దుకు ఒక్కోలా ఉంటుంది. లేఖలు రాస్తూ ఉన్నంత మాత్రాన గడువు పెరగదు, ఇది చాలామందికి తెలియదు. ప్రభుత్వం మీద దావా కాబట్టి సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. ఆ రెండు నెలలను గడువు లెక్కలోంచి మినహాయిస్తారు. నోటీసు ప్రభుత్వ కార్యదర్శికో జిల్లా కలెక్టరుకో వెళ్లాలి, ఈఈకి ఒక్కడికే ఇస్తే చెల్లదు. నిర్మాణ ఒప్పందం వాణిజ్య వివాదం కిందికి వస్తుంది కాబట్టి దావాకు ముందు మధ్యవర్తిత్వానికి దరఖాస్తు కూడా తప్పనిసరి. శాఖ తరఫున ఎవరూ రాకపోవచ్చు. రాలేదని అక్కడ ఇచ్చే నివేదిక తీసుకుంటే చాలు, దారి తెరుచుకుంటుంది.

నోటీసులో అదనపు పనినీ, ధరల తేడానూ, ఖాళీ కాలపు నష్టాన్నీ మూడు వేర్వేరు పద్దులుగా రాయించండి. వడ్డీ ఏ తేదీ నుంచి, ఎంత శాతం అడుగుతున్నారో అందులోనే ఉండాలి.

ఆడిట్_గది:
ఆ చిత్తుకాగితాల రసీదులను తిరిగి శుభ్రంగా రాయించకండి. అద్దెకిచ్చినవాడి ఖాతా పుస్తకంలో ఆ తేదీల పేజీలు, మీ బ్యాంకు చెల్లింపులు జతచేయండి. సరిపోలనివి ఉంటే ఇప్పుడే తీసేయండి, మొత్తం తగ్గినా పర్వాలేదు.

పునాది_రాయి:
అద్దె ఇచ్చినాయన ఖాతా పుస్తకం ఉందంటున్నాడు, రేపు వెళ్తున్నాను. సమాచార హక్కు దరఖాస్తు ఈ రాత్రే రాస్తాను. విశ్రాంత_ఎస్‌ఈ గారూ, నోట్‌ఫైలు అడిగేటప్పుడు ఏ ఫైలు నంబరు వేయాలి? నాకొచ్చిన తిరస్కరణ లేఖ మీద ఉన్నదేనా?

విశ్రాంత_ఎస్‌ఈ:
అది వేయండి. దాంతోపాటు ఈఈ రాసిన ఆ లేఖ నంబరు కూడా. రెండూ వేర్వేరు ఫైళ్లలో ఉండే అవకాశమే ఎక్కువ.